టైప్ 3నా, టైప్ 4నా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏది మేలు

"టైప్ 3 తీసుకోవల్లనా సార్, టైప్ 4నా?" అనంతపురంలో మైక్రోబయాలజీ పిల్లలు ప్రతి ఏడూ అడిగేది ఇదే. బ్యాక్టీరియా తన ప్రొటీన్లనో డీఎన్‌ఏనో బయటికి పంపే యంత్రాలు (సెక్రీషన్ సిస్టమ్స్) ఇవి, నంబర్లతో పిలుస్తారు. చాలామంది అప్పటికే టైప్ 3 అని తేల్చుకునే వస్తారు, నాతో ఊ అనిపించుకోడానికి.

వాళ్ళ మోజు తప్పేం కాదు. 1998లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దొరికిన సాల్మొనెల్లా బ్యాక్టీరియా టైప్ 3 సూది ఫొటో చూస్తే ఎవరైనా పడిపోతారు. మన దానిమ్మ తోటలను తినేస్తున్న మచ్చ తెగులు శాంథోమోనాస్ కూడా అట్లాంటి సూదితోనే ఆకు కణాల్లోకి ప్రొటీన్లు ఎక్కిస్తుంది. పరీక్షా చవకే: సూది తీసేసిన సిరంజితో పొగాకు ఆకులోకి బ్యాక్టీరియాను ఎక్కిస్తే ఒకట్రెండు రోజుల్లో ఆ చోటు ఎండిపోతుంది.

చిక్కంతా కంట్రోల్ (పోల్చి చూసే జత) దగ్గరే. ఎండింది టైప్ 3 వల్లే అని వైవాలో చెప్పాలంటే, టైప్ 3 జన్యువులు చెడగొట్టిన బ్యాక్టీరియా స్ట్రెయిన్ పక్కన ఉండాల. కరెంటు పోతే ఫ్రీజరుకు దణ్ణం పెట్టుకునే ల్యాబులో, నాలుగు నెలల్లో, అది తయారుచేయడం అయ్యే పని కాదు.

కాంజుగేషన్ (ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి తగిలి డీఎన్‌ఏ ఇవ్వడం) నడిపే టైప్ 4కు ఆ బాధ లేదు. మామూలు ల్యాబు ఈ.కోలై బ్యాక్టీరియాలు రెండు, యాంటీబయాటిక్‌లు రెండు; ఒక్కో ఈ.కోలై ఒక్కో మందుకు లొంగదు. ఇచ్చేదాన్ని విడిగా, పుచ్చుకునేదాన్ని విడిగా, రెంటినీ కలిపి, రెండు మందులూ ఉన్న ప్లేట్ల మీద పరిస్తే కాలనీలు రావాల్సింది కలిపిన దాంట్లోనే. విడి డీఎన్‌ఏ దూరిందేమోనన్న అనుమానానికి డీఎన్‌ఏస్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేసిన గొట్టం ఇంకొకటి. కణాలు తగలకుండా ఇది జరగదని చూపడానికి మధ్యన ఫిల్టరు. 1950లో బెర్నార్డ్ డేవిస్ యూ ఆకారపు గొట్టంతో చేసిందీ అదే.

"అట్లయితే రోగం కత పాయనా సార్?" పోదు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ కాగ్ఎ ప్రొటీన్‌ను కడుపు కణాల్లోకి పంపేది టైప్ 4తోనే. న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా మూడు వందలకు పైగా ప్రొటీన్లను పంపేదీ ఈ కుటుంబంలోదే. మందుకు లొంగని గుణాన్ని చేరవేసే పని టైప్ 3 చేయదు.

టైప్ 6 పక్క బ్యాక్టీరియాను పొడిచే బల్లెం, పీహెచ్‌డీకి దాచుకోండి. కలరా విషాన్ని పంపే టైప్ 2 సెమినారుకు చాలు. టైప్ 1లో టోల్‌సి ప్రొటీన్ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: విషం బయటికి పోయే గొట్టమూ, మందును తోసే పంపుకు ద్వారమూ అదే.

ఆస్పత్రి స్ట్రెయిన్లను మాత్రం ఈ ప్రయోగంలోకి రానివ్వను. ప్లేట్లు ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపడం) అయ్యాకే గది దాటల్ల.