ఇంటికొచ్చే డూలా: పగటి ప్యాకేజీ సరే, రాత్రిది ఆలోచించి తీసుకోండి

మాలిష్ అమ్మ, ఆయా, హోంకేర్ నర్సు. హైదరాబాద్‌లో బాలింత ఇంటికి మామూలుగా వచ్చేది వీళ్లే. డూలా ఈ ముగ్గురిలో ఎవరూ కాదు, పురుడయ్యాక తల్లికి తోడుండి, పాలు పట్టడం, బిడ్డను చూసుకోవడం నేర్పే మనిషి. కుట్లు చూడదు, మందులివ్వదు, అంట్లు తోమదు. కొండాపూర్ వైపు ఇళ్లకు పంపే ఒక సర్వీసులో పగలు నాలుగు గంటలు, రాత్రి పది గంటలు అని రెండు ప్యాకేజీలున్నాయి. పగటిదానికి డబ్బు పెట్టొచ్చు.

దాని అసలు బలం పాలు పట్టించడంలో ఉంది. "పాలు చాలట్లేదు" అనగానే ఇంట్లోవాళ్లు డబ్బా కోసం చూస్తారు, డూలా మాత్రం బిడ్డ నోరు చూస్తుంది. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, ఆవలించినంతగా నోరు తెరిచేదాకా ఆగి, గడ్డం ముందు తగిలేలా దగ్గరకు తీయిస్తుంది. కింది పెదవి బయటికి విచ్చుకోవాలి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. నొప్పెడితే లాగెయ్యకూడదు, నోటి మూల నుంచి చిటికెన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. బిడ్డ వదిలాక చనుమొన లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉందంటే పట్టు కుదరలేదు. అది సరిచేయకుండా పగుళ్లకు ఎన్ని క్రీములు రాసినా దండగే.

లెక్క కూడా రాయిస్తారు: రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు, ఐదో రోజు దాటాక కనీసం 6 తడి డైపర్లు. బరువు 10 శాతానికి మించి తగ్గినా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు రాకపోయినా, కామెర్ల పచ్చదనం కాళ్లదాకా దిగినా నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికే పంపుతారు.

పెద్దవాళ్లతో తగువు పెట్టుకోరు, అది మెచ్చుకోవాలి. మునగాకు, వెల్లుల్లి కారం, కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానం అలాగే సాగనిస్తారు. బాలింతకు నీళ్లు తగ్గించడం, బిడ్డ ముక్కులో నూనె చుక్కలు, పసిబిడ్డ రొమ్ములు పిండడం, సాంబ్రాణి పొగ, వస నాకించడం మాత్రం మాన్పిస్తారు. తేనె అయితే ఏడాదిదాకా వద్దంటారు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు భయంతో.

రాత్రి ప్యాకేజీతోనే పేచీ. తల్లిని నిద్రపోనిచ్చి, పిండి ఉంచిన పాలు సీసాతో పట్టేస్తున్నారు. పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్ రాత్రిళ్లే ఎక్కువ. ఆ వేళ రొమ్ము ఖాళీ కాకపోతే గడ్డలు కడతాయి, పాలు తగ్గుతాయి. బిడ్డను తల్లి పక్కకు తెచ్చి, పాలు తాగాక త్రేన్పు, డైపరు తాము చూసుకుంటామంటేనే ఒప్పుకోండి. ఫ్రిజ్‌లో సీసాల మీద తేదీ, టైము కూడా లేవు. పిండిన పాలు ఫ్రిజ్‌లో 4 రోజులు, బయట 25 డిగ్రీల్లో 4 గంటలు ఉంటాయి. మే నెలలో మన వంటగదుల్లో ఆ నాలుగు గంటల లెక్క చెల్లదు.

ఇంకో లోపం. పురుడయ్యాక వచ్చే దిగులు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. అది పసిగట్టడానికి వీళ్లు ఎడిన్‌బరో పది ప్రశ్నల పత్రం వాడతారు, మంచిదే. కానీ అత్తగారు అదే మంచం మీద కూర్చుని ఉండగా అడిగితే, ఏ కోడలైనా "బాగానే ఉన్నానండీ" అనే అంటుంది.