కిరాయి బండా, సొంత బండా: పద్నాలుగు నెలల లీజు తర్వాత నా అభిప్రాయం

బేగంబజార్ స్టీలు సామాన్లను కూకట్‌పల్లి, మియాపూర్ దుకాణాలకు చేరవేసే పని మొదలుపెట్టినప్పుడు, ఈ వ్యాపారం నిలుస్తుందో లేదో తెలియక ఒక టాటా ఏస్‌ను లీజుకు తీసుకున్నాను. కిరాయి నెలకు 17,000 రూపాయలు, అడ్వాన్సు 30,000. బీమా, ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉందనే సర్టిఫికెట్), సర్వీసింగ్ ఖర్చులు లీజు సంస్థవే.

ఈ సేవలో నాకు నిజంగా నచ్చింది ఒక్కటే: క్లచ్ ప్లేటు పోయిన రోజు సాయంత్రానికల్లా మరో బండి పంపించారు. ఒప్పందంలో నేను సరిగా చదవనిది కిలోమీటర్ల షరతు. నెలకు 2,000 దాటితే కిలోమీటరుకు 4 రూపాయలు అదనంగా కట్టాలి. రోజుకు 95 కిలోమీటర్ల చొప్పున 26 రోజులు తిరిగే నాకు దాదాపు ప్రతి నెలా 1,880 రూపాయలు ఎక్కువ పడి, మొత్తం కిరాయి 18,880కి చేరింది. బండి తిరిగి అప్పగించినప్పుడు, నేను తీసుకునే నాటికే ఉన్న సొట్టలకు సైతం కలిపి అడ్వాన్సులో 11,000 కోసుకున్నారు. తీసుకునే రోజే నాలుగు పక్కలా వీడియో తీసి వారికి పంపి ఉంటే ఆ వాదనే వచ్చేది కాదు. ఆ తప్పు కొంత నాది కూడా.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, ఆ తర్వాతి నెలలో కొత్త బండి కొన్నాను. 4,70,000 రుణానికి నాలుగేళ్లపాటు నెలకు సుమారు 12,150 వాయిదా. బీమాకు నెలకు 2,300, టైర్లకు, సర్వీసింగుకు 2,500 పక్కన పెట్టినా మొత్తం 17,000 దాటడం లేదు. మొత్తం బరువు 3,000 కిలోలు మించని బండి కాబట్టి పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి చేయించుకుంటే చాలు.

అయితే మూఢాల్లో పెళ్లి సామాన్ల బేరాలు సగానికి పడిపోయినా వాయిదా ఆగదు. లీజులో ఒక నెల ముందు చెప్పి బండి అప్పగించే వీలుండేది. అందుచేత నెలనెలా తప్పకుండా పని ఇచ్చే దుకాణాలు కనీసం రెండు చేతిలో లేనివారు, ఎంత తక్కువ వడ్డీ చూపినా, మొదటి ఏడాది కొనవద్దని నా సలహా. రోజుకు ఎనభై కిలోమీటర్లు దాటి తిరిగేవారు మాత్రం లీజులో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత నష్టపోతారు.

ఎలక్ట్రిక్ బండి దగ్గర నా లెక్క మారుతుంది. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు వాటికి రోడ్డు పన్ను మినహాయింపు ఉన్నా, నాలుగేళ్ల తర్వాత పాత బ్యాటరీతో ఆ బండికి ఎంత ధర పలుకుతుందో నాకు తెలిసిన పాత బండ్ల వ్యాపారులెవరూ ధైర్యంగా చెప్పలేకపోతున్నారు. ఆ భారం లీజు సంస్థ మీద ఉండటమే నయమనిపించి, రెండో బండిని ఎలక్ట్రిక్‌లో కిరాయికే తీసుకోవాలనుకుంటున్నాను. ఈసారి నెలకు 2,500 కిలోమీటర్ల పరిమితి రాసి ఇస్తేనే సంతకం పెడతాను.