అయిదు పాటల 'క్రానిక్ టౌన్': ఆర్.ఈ.ఎం. తొలినాళ్ల సీడీపై సమీక్ష

అమెరికన్ రాక్ బృందం ఆర్.ఈ.ఎం. 1982 ఆగస్టులో విడుదల చేసిన 'క్రానిక్ టౌన్' అనే అయిదు పాటల ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు), నలభై ఏళ్ల తరువాత, 2022లో మొదటిసారిగా విడి సీడీగా వెలువడింది. అంతవరకూ ఈ పాటలు సీడీలో కావాలంటే 1987 నాటి 'డెడ్ లెటర్ ఆఫీస్' సంకలనం చివర వెతుక్కోవలసి వచ్చేది. ఇరవై నిమిషాల సంగీతం కోసం ఒక సీడీ కొనాలా అన్న సందేహం నాకూ కలిగింది గానీ, మొదటి పాట పూర్తయ్యేసరికే అది తీరిపోయింది.

ఈ బృందం జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో పుట్టింది. వక్స్‌ట్రీ అనే రికార్డుల దుకాణంలో పనిచేసే పీటర్ బక్‌కు, అక్కడికి వచ్చే విద్యార్థి మైకేల్ స్టైప్‌తో అభిరుచులు కలిశాయి. మేకన్‌లో చదువుకునే రోజుల నుంచే కలిసి వాయిస్తున్న మైక్ మిల్స్, బిల్ బెర్రీ వారితో చేరారు. 1980 ఏప్రిల్ 5న ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు వేడుకలో తొలి కచేరీ చేసే నాటికి బృందానికి పేరైనా స్థిరపడలేదు. మరుసటి సంవత్సరం హిబ్-టోన్ అనే చిన్న సంస్థ ద్వారా తొలి సింగిల్ వచ్చింది. నిర్మాత మిచ్ ఈస్టర్ తన తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో నడిపిన స్టూడియోలోనే ఈ ఈపీ కూడా రికార్డయింది.

ఆ గ్యారేజీ వాతావరణమే ఈ సీడీకి ప్రాణం. బక్ గిటార్ తీగలను ఒక్కసారిగా మోగించకుండా విడివిడిగా మీటుతాడు, గిటార్ పాడవలసిన వరుసను మిల్స్ బేస్ గిటార్ మీద పాడిస్తాడు, స్టైప్ గొంతు వాద్యాల వెనుక నుంచి సగం నమిలిన మాటలతో వినిపిస్తుంది. ఇంగ్లీషు పాటల్లో మాటలు అందడం లేదని చిన్నబుచ్చుకునే మన శ్రోతలకు ఇక్కడ ఆ బెంగ అక్కరలేదు, ఎందుకంటే జార్జియాలో పుట్టినవారికీ ఇవి సరిగా అందలేదు. నా దృష్టిలో వీటిలో మేలైనది, స్టైప్ పై స్థాయిలో సన్నగా పాడిన 'గార్డెనింగ్ ఎట్ నైట్'. సర్కస్ వాద్యంతో మొదలయ్యే 'కార్నివాల్ ఆఫ్ సార్ట్స్' దాని తరువాతి స్థానంలో నిలుస్తుంది. చివరి పాట 'స్టంబుల్' మాత్రం అవసరానికి మించి సాగింది.

ఈ ముద్రణకు ఈస్టర్ స్వయంగా రాసిన వ్యాసం విలువైనది. కానీ డిస్కులో ఇంత ఖాళీ ఉండగా హిబ్-టోన్ సింగిల్‌ను చేర్చకపోవడం లోపమే. తరువాత, ఈ ఈపీని విడుదల చేసిన రికార్డు సంస్థ మరొక నిర్మాతను ప్రయత్నించగా, బృందం అతని పద్ధతిని కాదని ఈస్టర్ దగ్గరికే తిరిగివచ్చి, అతనితోనూ సహనిర్మాత డాన్ డిక్సన్‌తోనూ కలిసి 1983లో 'మర్మర్' అనే ఆల్బమ్ చేసింది. రోలింగ్ స్టోన్ పత్రిక దానినే ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచింది. 'మర్మర్' ఇష్టపడినవారు ఈ సీడీని తప్పక తీసుకోవచ్చు. 1987 సంకలనం ఇప్పటికే ఉన్నవారికి మాత్రం ఆ వ్యాసం తప్ప కొత్తగా దక్కేదేమీ లేదు.