అనంతగిరి కాఫీ తోటలో చిమ్మటల కోసం

రాత్రిపూట చిమ్మటలను, అంటే దీపాల చుట్టూ ముసిరే సీతాకోకచిలుకల్లాంటి పురుగులను (మాత్‌లను) చూసి, ఫొటోలు తీసి లెక్క రాసుకోవాలని వెళ్లేవాళ్లు బస బుక్ చేసేముందు ఒక్క సంగతి కనుక్కోవాలి: చీకటి పడ్డాక బయటి లైట్లు ఆపుతారా? చైత్ర అమావాస్య చూసుకుని అరకు వైపు వెళ్లొచ్చాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ముందు అరకులో ఒక హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, భోజనానికి వంక పెట్టలేం. కానీ ప్రహరీ పొడవునా ఫ్లడ్‌లైట్లు. ఆపమని అడిగితే "సెక్యూరిటీ ప్రాబ్లం సార్" అన్నారు. పురుగులన్నీ ఆ దీపాల చుట్టూ తిరిగి తిరిగి సొమ్మసిల్లి, తెల్లారేసరికి సిమెంటు నేల మీద చీమల పాలయ్యాయి. చూస్తే కడుపు తరుక్కుపోయింది. కుటుంబంతో సరదాగా వెళ్లేవాళ్లకు ఆ హోటల్ బాగానే ఉంటుంది, ఈ పనికి మాత్రం వద్దు.

మర్నాడు అనంతగిరి దగ్గర ఒక గిరిజన కుటుంబం తమ కాఫీ తోటలో అద్దెకిచ్చే గదికి మారాం. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ. గదిలో మంచం, ఫ్యాను, దోమతెర, అంతే. స్నానాల గది బయట ఉంది. వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తారు. అద్దె హోటల్లో సగం. సంగతి చెప్పగానే ఇంటాయన "దానికేముంది బాబూ" అంటూ వాకిట్లో బల్బు కూడా ఆర్పేశాడు. నాకు అంతకంటే ఏం కావాలి!

సాయంత్రం ఒక జల్లు పడి గాలి ఆగింది. ఉక్కగా, చీకటిగా, గాలి లేకుండా ఉండే ఇలాంటి రాత్రే చిమ్మటలు బాగా వస్తాయి. రెండు చెట్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి, చిమ్మటలు వచ్చి వాలడానికి పవర్ బ్యాంకుతో యూవీ (అతినీలలోహిత) దీపం వెలిగించాం. వచ్చినవాటిలో నన్ను కట్టిపడేసింది క్రియాటోనోటోస్ గాంగిస్ అనే చిమ్మట. పాలిపోయిన గులాబీ ఛాయ రెక్కల మీద నల్లటి చారలు, ఎర్రటి పొట్ట. మగది పొట్ట చివర నుంచి నాలుగు నూగు గొట్టాలను గాలి నింపి బయటికి చాస్తుంది. ఆడదాన్ని పిలిచే వాసన వాటి నుంచే వెలువడుతుంది. గొంగళిగా ఉన్నప్పుడు తిన్న మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలు ఎంత ఎక్కువగా ఉంటే ఆ గొట్టాలు అంత పెద్దవవుతాయి. చిన్ననాటి తిండి పెళ్లి వయసులో అక్కరకొస్తుందన్నమాట!

దీపానికి రానివాటి కోసం బెల్లం, మగ్గిన అరటిపండు, కాస్త జీలుగు కల్లు కలిపి చెట్ల బెరడుకు పూశాం. కల్లు ఇంటాయన తెచ్చిచ్చిందే. అరచేయంత ఎరెబస్ మాక్రాప్స్ అనే చిమ్మట వచ్చి వాలింది, రెక్కల మీద గుడ్లగూబ కళ్లలాంటి గుండ్రాలతో. తర్వాత నారింజరంగు వెనక రెక్కలున్న యూడోసిమా అనే ఇంకో చిమ్మట. దీని గొంగళి తిప్పతీగ తింటుంది. పెద్దదయ్యాక గట్టి తొండంతో పండు తొక్కను పొడిచి రసం పీలుస్తుంది. ఫొటో చూపిస్తే ఇంటావిడ "మా బత్తాయిలకి చిల్లులు పెట్టేది ఇదేనేటి!" అంది.

తెల్లారకముందే దీపం ఆపి, దుప్పటిని పొదల దగ్గర మెల్లగా దులపాలి. లేకపోతే పసులపోలిగాళ్లు, పికిలిపిట్టలు వరసగా ఏరుకుతింటాయి. ఇది దయచేసి మరవకండి. పొద్దున్న చోడి అంబలి తాగుతుంటే పనస చెట్టు మీద బెట్లుడుత కనిపించింది. కిందికి ఒకసారి చూసి, తన పని తాను చూసుకుంది.

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో బొర్రా గుహలు స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లొచ్చు. సొంత కారుంటే శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు. తోటలో ఫోన్ సిగ్నల్ లేదు, కాబట్టి జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఎక్కించే పని తిరిగొచ్చాకే. ఇన్వర్టర్ కూడా లేదు. పవర్ బ్యాంకులు రెండు పెట్టుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి. వానలు పడ్డాక చిమ్మటలు ఇంకా ఎక్కువగా వస్తాయి. దుప్పటి తడవకుండా పైన టార్పాలిన్ కట్టుకోగలిగితే, జులై ఆఖర్లో వచ్చే చిమ్మటల వారానికి (నేషనల్ మాత్ వీక్) వెళ్లండి.