పాలకొల్లు రేడియో కొట్టు: పదకొండు రోజులు, 950 రూపాయలు, ఒక స్క్రూ తక్కువ

పాత కంప్యూటర్ ఆన్ కావట్లేదని భీమవరంలో ఇద్దరికి చూపించాను. ఇద్దరిదీ ఒకే మాట: "పారేసి కొత్తది కొనుక్కోండి మాస్టారూ." ఒకాయనైతే మూత కూడా తియ్యలేదు. అందుకే ఈ పాలకొల్లు కొట్టు గురించి రాయాలనిపించింది. క్షీరారామం గోపురం కనిపించే సందులో ఉంటుంది. బోర్డు మీద పేరు వెలిసిపోయింది. రేడియో కొట్టు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

నాది బీబీసీ మైక్రో, మోడల్ బి. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన మెషీను. 1984లో బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి కేంద్రం మొదలెట్టిన 'క్లాస్' పథకంతో మన బళ్ళలోకి వచ్చింది. మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. నేను లెక్కలు చెప్పిన బడిలో తుక్కు వేలం వేస్తుంటే 300 రూపాయలకి పాడుకుని అటకెక్కించాను. మొన్న దసరా సెలవులకి మనవరాలు వస్తే చూపిద్దామని దింపి, దుమ్ము దులిపి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. అదే నేను చేసిన తప్పు. రెండు నిమిషాలకి టప్‌మని చప్పుడు, ఎండుచేప మాడినట్టు కంపు, వెనక సందుల్లోంచి తెల్లటి పొగ. ఇంట్లో ఫ్యూజు కొట్టేసింది. "ముందు దాన్ని అరుగు మీద పెట్టండి" అని మా ఆవిడ కేక.

దుప్పటి చుట్టి వీరవాసరంలో బస్సెక్కించాను. కొట్టు నిండా రొయ్యల చెరువుల నీళ్ళకి గాలి ఎక్కించే ఏరియేటర్ల స్టార్టర్ పెట్టెలు, ఇన్వర్టర్ బోర్డులు. కొట్టు మెకానిక్కుకి ఇప్పుడు కూడు పెట్టేవి అవే, రేడియోలు కావు. మెషీను చూసి, "ఇది నేనెప్పుడూ చూళ్ళేదండి. కరెంటు సంగతి తెలుసండి. నేను చెప్పేదాకా ప్లగ్గు పెట్టకండేం" అన్నాడు. తెలియదని ఒప్పుకున్న మెకానిక్కుని చూసి చాన్నాళ్ళయింది.

ముందు ఎడమపక్క ఉన్న పవర్ సప్లై పెట్టె విప్పాడు. కరెంటు నిలవ చేసుకునే పెద్ద కెపాసిటర్‌ని బల్బు హోల్డర్ వైర్లతో తాకించి ఖాళీ చేశాక గాని లోపల వేలు పెట్టలేదు. మన 230 వోల్టులు అక్కడికొచ్చేసరికి డీసీలో 325 దాకా ఉంటాయి, ప్లగ్గు తీసినా కాసేపు నిలుస్తాయి. తర్వాత టార్చి వేసి చూపించాడు. కరెంటు లోపలికొచ్చే చోట తేనెరంగు పెంకున్న కెపాసిటర్లు రెండు. ఒకటి పేలి పేగులు బయటపెట్టింది, రెండోదాని పెంకు మీద వెంట్రుకవాసి బీటలు. లోపల ఉండేది కాగితం. ఏళ్ళు గడిచి పెంకు బీటలిస్తే ఆ కాగితం చెమ్మ పీలుస్తుంది, స్విచ్చి వేయగానే పేలుతుంది. ఇక్కడి గాలిలో చెమ్మకి కొదవా! రెండూ మార్చి, పక్కనున్న 220 మైక్రోఫారడ్‌ది కూడా ఎండిపోయిందని మార్చాడు. ఆపైన కరెంటు దారిలో ఒక బల్బు కలిపి (సిరీస్ బల్బు అంటారు) కరెంటిచ్చాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని మందగించింది, అంటే షార్టు లేదు. మీటర్లో సరిగ్గా 5 వోల్టులు.

అయినా కథ అక్కడితో అవ్వలేదు. బోర్డుకి కలిపితే "బూ..." అని ఒకటే మోత, ఆగదు. ఇక్కడ నాకు తెలిసింది పనికొచ్చింది. బాగున్న బీబీసీ మైక్రో ఆన్ చేస్తే "బూ" తర్వాత "బీప్" అని రెండు స్వరాలు పలికి ఊరుకుంటుంది. కరెంటు రాగానే సౌండ్ చిప్ దానంతట అది మోగుతుంది, నోరు మూయించాల్సింది మెషీనుని నడిపించే ప్రోగ్రాం, అంటే ఆపరేటింగ్ సిస్టమ్. మోత ఆగలేదంటే అది లేవలేదన్నమాట. నేనిది చెప్పగానే ఆయన సాకెట్లలో ఉన్న చిప్పులు ఒక్కొక్కటే పీకి చూశాడు. కాళ్ళన్నీ నల్లగా చిలుం పట్టాయి. పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ గుచ్చాడు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రోమ్ చిప్పు (కరెంటు తీసినా చెరగని మెమరీ) కూర్చోగానే బూ, బీప్! మూలనున్న పాత టీవీకి వీడియో వైరు పెడితే తెలుపు నలుపులో అక్షరాలు వచ్చాయి. 'ప్రింట్ పై' అని కొట్టాను. 3.14159265. కుర్రాడొకడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని అలాగే నిలబడి చూశాడు.

ఇక నా ఫిర్యాదులు. మూడు రోజులని చెప్పి పదకొండు రోజులు తిప్పాడు. ఫోనెత్తడు. అడిగితే, "మబ్బు పట్టిందండి, చెరువుల్లో ఆక్సిజన్ పడిపోద్ది. ఏరియేటర్ ఆగితే రైతు మునిగిపోతాడండి" అంటాడు. దానికి నేనేమంటాను? కానీ ఆ ముక్కే ముందు ఫోన్లో చెప్తే రెండు బస్సు చార్జీలు మిగిలేవి. కాగితం బిల్లు లేదు, గ్యారంటీ మాటే లేదు. కూలి 700, సామాను 250. తీసేసిన కెపాసిటర్లు కవర్లో వేసి చేతికిచ్చాడు, అది నాకు నచ్చింది.

మీ దగ్గరా ఇలాంటిది అటక మీద ఉంటే ప్లగ్గు పెట్టకుండా నేరుగా పట్టుకెళ్ళండి. శుక్రవారం కొట్టు మూత.

మూతకి నాలుగు స్క్రూలు, వెనక రెండు, అడుగున రెండు. ఇంటికొచ్చి తిరగేస్తే అడుగున ఒకటే ఉంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు.