భీమవరంలో కారు నేర్చుకోవాలనుకునేవాళ్ళకి: ఈ డ్రైవింగ్ స్కూల్లో మనిషికి ఆగడం నేర్పిస్తారు

ఐదుకి నాలుగు ఇస్తున్నానండి. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

మన ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్ ఎలా ఉంది అని ఎవరినడిగినా చెప్పేవి రెండే, ఎన్ని రోజుల్లో చెయ్యి తిరిగింది, లైసెన్సు ఎంతలో చేతికొచ్చింది అని. నాకు మాత్రం ఇంకోటి కావాలి, రోడ్డు దాటే మనిషి కారుకి ఎదురొస్తే పక్క సీట్లో కూర్చున్న మాస్టారు ఏం చెప్తారు అన్నది. మా పిన్ని కొడుకు వేరే స్కూల్లో నేర్చుకున్నాడు, పేరొద్దు లెండి, అక్కడ వాడికి నేర్పింది "హారన్ నొక్కి పట్టుకో, వాళ్ళే తప్పుకుంటారు" అని. వాడు ఇప్పటికీ అలాగే నడుపుతాడు. జువ్వలపాలెం రోడ్డులో ఒక ముసలావిడ సగం దాటాక వీడి హారన్‌కి కంగారుపడిపోయి మళ్ళీ వెనక్కి తిరిగింది, అవతల నుంచి బైకు వస్తోంది, ఏదో ఆ పూట ఆవిడ అదృష్టం బాగుంది అంతే.

ఇక్కడ మాస్టారు హారన్ మీద చెయ్యి వేస్తే ఒప్పుకోరు. "దాటేవాళ్ళని చూసి కొట్టకండమ్మా, బెదిరిపోతారు, ముందు కాలు తీయండి" అంటారు. యాక్సిలేటర్ మీంచి కాలు తీసేసి బ్రేకు మీద ఆనించి ఉంచమని, అప్పటికే సగం పని అయిపోయినట్టే అని. ఆయన వైపు కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి కాబట్టి మనం లేటు చేస్తే ఆయనే తొక్కేస్తారు, కానీ తొక్కాక ఊరుకోరు, పక్కకి ఆపించి ఎక్కడ చూడలేదో అడుగుతారు, చెప్పేదాకా కదలనివ్వరు.

ఆగడం అంటే బ్రేకు తొక్కడమే అనుకుంటాం కదా. అది కూడా ఒక పద్ధతి ప్రకారం చెప్పారండి. ముందు అద్దంలో వెనక ఏముందో చూడాలి, తర్వాత దూరం నుంచే మెల్లగా స్లో చెయ్యాలి, కుడి చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి అరచెయ్యి కిందకి ఊపాలి, జీబ్రా గీతల మీదకి వెళ్ళిపోకుండా కాస్త ఇవతలే ఆపాలి. ఈ ఇవతల ఆపడం ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. మనం గీతలకి ఆనుకుని ఆపితే మన పక్కనుంచి దూసుకొచ్చే బైకోడికి దాటే మనిషి కనపడడు, మన కారే అడ్డం, ఆ మనిషేమో మనం ఆగామన్న నమ్మకంతో అడుగు వేసేస్తాడు. మనం మర్యాదకి ఆగడమే వాళ్ళ ప్రాణం మీదకి తెస్తుందన్నమాట. కాస్త వెనక ఆపితే ఇద్దరికీ ఒకళ్ళకొకళ్ళు కనపడతారు. ఈ ఒక్క ముక్క కోసమైనా నేను కట్టిన ఫీజు చెల్లిపోయింది.

డిప్పర్ సంగతి కూడా ఇంతే. మన దగ్గర లైటు టపటపా కొట్టారంటే డ్రైవర్ ఉద్దేశం "నేనొస్తున్నా ఆగు" అని, రోడ్డు పక్కన నించున్న కొత్తవాళ్ళు "వెళ్ళమంటున్నాడు" అనుకుని దిగిపోతారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ వేరే ఊళ్ళ నుంచీ కార్లు దిగుతాయి కదా, పందేలకి వచ్చే జనం, చుట్టాలు, ఊరంతా కిటకిట, అప్పుడు ఈ డిప్పర్ గొడవ మరీ ఎక్కువ. దాటేవాళ్ళకి లైటు కొట్టొద్దు, పూర్తిగా ఆగిపోండి, ఆగిన కారుని చూస్తే ఎవరికైనా అర్థమవుద్ది అన్నారు.

ప్రకాశం చౌక్ దగ్గర మలుపు తిప్పేటప్పుడు ఇంకోటి చూపించారు. ముందు అద్దానికి పక్కన ఉండే స్తంభం ఉంది చూశారా, దాని వెనకాల నిండు మనిషి దాక్కుని ఉండొచ్చు, మనం తిరుగుతున్నకొద్దీ ఆ మనిషి నడుస్తున్నకొద్దీ ఇద్దరం ఒకే వరసలో పోతే చివరిదాకా కనపడడు. అందుకని సీట్లో కాస్త ముందుకీ పక్కకీ వంగి చూసి అప్పుడు తిప్పాలి. అలాగే ఆర్టీసీ బస్సు ఆగి ఉంటే దాని కింద నుంచి అవతల కాళ్ళు కనపడుతున్నాయేమో చూడమంటారు, బస్సు దిగినోళ్ళు బస్సు ముందు నుంచే దాటతారు కాబట్టి. నాకిది ఎంత అలవాటైపోయిందంటే ఇప్పుడు ఆటోలో కూర్చున్నా బస్సు కింద కాళ్ళే చూస్తున్నాను.

థియరీ క్లాసులో ఒక లెక్క వేసి చూపించారు, అది రాయాలి. రెండు లైన్ల రోడ్డు ఏడు మీటర్లు. మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని ఇంజినీర్లు లెక్కేస్తారు, అంటే ఆరు సెకన్లలో దాటేస్తాడు. మోకాళ్ళ నొప్పుల మామ్మగారికి తొమ్మిది పైనే పడుతుంది. 60 స్పీడులో వచ్చే కారు సెకనుకి దగ్గర దగ్గర 17 మీటర్లు, తొమ్మిది సెకన్లలో 150 మీటర్లు. ఆవిడ మొదటి అడుగు వేసేటప్పటికి ఆ కారు 150 మీటర్ల అవతల ఉంటుంది, ఆ దూరంలో స్పీడు అంచనా వెయ్యడం కుర్రాళ్ళకే కష్టం, ఆవిడకి ఎలా తెలుస్తుంది? "చూసుకుని దాటొచ్చు కదా" అని మనం తిట్టుకుంటాం. ఆవిడ చూసుకునే దిగింది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ రిపోర్టులో ఉంది, అందులో నడిచి వెళ్ళేవాళ్ళే 32,825 మంది. అయిదుగురిలో ఒకళ్ళు దాదాపు. వాళ్ళెవరికీ స్టీరింగ్ చేతిలో లేదు.

రూలు కూడా స్పష్టంగానే ఉంది. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం సిగ్నల్ లేని జీబ్రా దగ్గర స్లో చేసి, ఆగి, దాటేవాళ్ళకి దారివ్వాల్సింది మనమే. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే లెర్నర్ లైసెన్సు) కంప్యూటర్ టెస్టు కోసం ఇది అందరం బట్టీ పడతాం. తర్వాత పర్మనెంట్ లైసెన్సుకి ట్రాక్ మీద ఎనిమిది వేస్తాం, రివర్స్ చూపిస్తాం, ఆ ట్రాక్ మీద దాటే మనిషి ఒక్కడూ ఉండడు. అందుకే చాలా స్కూళ్ళు ట్రాక్ దాకానే నేర్పిస్తాయి. ఈయన మాత్రం కావాలని గునుపూడి సోమేశ్వరస్వామి గుడి వైపు, స్కూళ్ళు వదిలే టైముకి జనంలోకి తీసుకెళ్తారు. మొదట్లో నాకు చెమటలు పట్టేశాయి, వెనక ఆటోవాళ్ళు ఒకటే హారన్లు, మాస్టారేమో "వాళ్ళకి తొందరుంటే ఉండనివ్వండి, పిల్లలు దాటాకే మనం" అని నిమ్మళంగా కూర్చునేవారు. ఒక పాప దాటాక వెనక్కి చూసి చెయ్యి ఊపింది, నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

చేపల లారీల నుంచి నీళ్ళు కారిన చోట రోడ్డు జారుతుందని, అక్కడ ఇంకా ముందే స్లో చెయ్యమని చెప్పారు. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే నడిచేవాళ్ళు పక్కకి తప్పుకోడానికి చోటుండదు, రోడ్డు మధ్యకే వస్తారు, అది మనం ముందే ఊహించాలి అని కూడా. మన జిల్లాలో నడపాలంటే ఇవి తెలియాలి, యూట్యూబ్ వీడియోల్లో చెప్పరు.

ఇంక ఆ తగ్గించిన ఒకటి. రాత్రి క్లాసు అసలు లేదు. మన పల్లెటూరి రోడ్లలో, కాలవ గట్ల మీద లైట్లుండవు, ముదురు రంగు చీర కట్టుకుని పొలం నుంచి వచ్చే ఆడవాళ్ళు ఎదురుబండి హైబీమ్‌లో అస్సలు కనపడరు. అసలు ప్రాక్టీసు కావాల్సింది అక్కడే కదండీ. అడిగితే బండి ఇన్సూరెన్సనీ టైమనీ ఏదో చెప్పారు. నేషనల్ హైవే మీదకి కూడా తీసుకెళ్ళలేదు. కారు పాతది, ఏసీ పనిచెయ్యదు, ఎండాకాలం అయితే నరకం. సాయంత్రం బ్యాచ్ టైములు మార్చేస్తూ ఉంటారు, ఫోన్ చేస్తే తప్ప చెప్పరు.

ఫీజు ఆరు వేలు తీసుకున్నారు, లైసెన్సు ఖర్చు వేరే. ఇంతకన్నా తక్కువకి నేర్పేవాళ్ళు ఉన్నారు ఊళ్ళో. చేరేవాళ్ళు స్కూళ్ళు వదిలే టైము స్లాటు అడిగి తీసుకోండి, ఖాళీ రోడ్డు కోసమని పొద్దున్న ఆరింటికి పెట్టించుకోకండి, అప్పుడు రోడ్డు మీద దాటేవాళ్ళే ఉండరు. స్కూలు వాళ్ళు ఇది చూస్తే, వారానికి ఒక్క రాత్రి క్లాసు పెట్టండి, వీరవాసరం దాకా వెళ్ళొచ్చినా చాలు, దానికి వేరే ఫీజు తీసుకున్నా పర్లేదు, నేను మళ్ళీ వచ్చి చేరతాను.