కాలేయ పరిశోధనకు బ్రూకర్ ఆల్ఫా-2: యంత్రం మంచిదే, కష్టమంతా సీరం చుక్క దగ్గర

ముందే చెప్పాలి, ఈ పరారుణ స్పెక్ట్రోమీటర్ పెట్టె 'ఫైబ్రోసిస్ ఎఫ్3' (కాలేయం మచ్చకట్టడంలో ముదిరిన దశ) అని రిపోర్టు రాసివ్వదు. వజ్రం మీద ఎండిన సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పరారుణ కాంతిని ఎక్కడెక్కడ ఎంత పీల్చుకుందో గ్రాఫు గీస్తుంది, అంతే. అందులో జబ్బును వెతకాల్సింది మనం తయారుచేసుకునే కంప్యూటర్ మోడల్.

ఏ4 కాగితమంత చోటు, దాదాపు 7 కిలోల బరువు. డిటెక్టరుకు ద్రవ నైట్రోజన్ పోసే బాధ లేదు. ఏటీఆర్ మాడ్యూల్లో (స్ఫటికం మీద నమూనా పెట్టి, కింది నుంచి కాంతి పంపే భాగం) డైమండే తీసుకోండి. రోజుకు పదులసార్లు తుడిచినా గీతలు పడవు. 1900 నుంచి 2300 తరంగసంఖ్యల (సెం.మీ⁻¹; కింద శిఖరాలకు, పరిధికి, రిజల్యూషన్‌కు ఇచ్చిన అంకెలూ ఇవే) మధ్య వజ్రం తనే కాంతిని మింగి అలజడి చూపిస్తుంది గానీ, సీరానికి అక్కడ పనికొచ్చే శిఖరాలేవీ లేవు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మాత్రం పొటాషియం బ్రోమైడ్ ఆప్టిక్స్ వద్దు, తేమకు పాడవుతాయి. జింక్ సెలెనైడ్ రకం అడగండి. పరిధి కాస్త తగ్గినా మనకు కావలసిన 900–1800 అందులో ఉంటుంది.

70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక బ్యాక్‌గ్రౌండ్ (నమూనా లేని ఖాళీ గ్రాఫు) తీసి, 1 మైక్రోలీటర్ సీరం వేసి 8 నిమిషాలు ఆగాలి. రిజల్యూషన్ 4, స్కాన్లు 32. మనిషికి మూడు చుక్కలు. తుడవడంతో కలిపి ఒక్కొక్కరికి అరగంట దాటుతుంది కాబట్టి, రోజుకు 14 మందికి మించి ఆశపడొద్దు.

తొందరపడితే చెడేది ఎండబెట్టడంలోనే. నీటి శిఖరం 1640 దగ్గర, ప్రోటీన్ల అమైడ్-1 శిఖరం 1650 దగ్గర ఉంటాయి. తడి మిగిలితే రెండూ కలిసిపోతాయి. సిరోసిస్‌లో అల్బుమిన్ తగ్గి గ్లోబులిన్లు పెరిగినప్పుడు ఆకారం మారేది సరిగ్గా ఆ శిఖరమే! నిమిషానికోసారి స్కాన్ చేస్తూ ఉండండి; వరుసగా రెండు గ్రాఫులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఎండినట్టు. హెయిర్ డ్రయర్ పెట్టొద్దు, వేడికి ప్రోటీన్ల రూపం మారుతుంది. చుక్క వజ్రాన్ని పూర్తిగా కప్పాలి. ఎండేటప్పుడు ప్రోటీన్లు అంచుకు చేరి ఉంగరంలా పేరుకుంటాయి, కాంతి చూసేది అడుగున ఉన్న ఒకట్రెండు మైక్రాన్లే. ఒకే మనిషి మూడు చుక్కలకు మూడు రకాల గ్రాఫులు వచ్చాయంటే యంత్రాన్ని తిట్టేముందు పిపెట్ చూసుకోండి.

ట్యూబుల సంగతి ఇంకా ముఖ్యం. రక్తం గడ్డకట్టకుండా ట్యూబుల్లో వేసే ఈడీటీఏ, సిట్రేట్‌లకు సొంత శిఖరాలున్నాయి. రోగుల రక్తం ఈడీటీఏ ఉండే ఊదా మూత ట్యూబులోనూ, ఆరోగ్యవంతులది అది లేని ఎర్ర మూత ట్యూబులోనూ తీస్తే మోడల్ నేర్చుకునేది జబ్బు కాదు, మూత రంగు.

యంత్రంతో వచ్చే సాఫ్ట్‌వేర్ పేరు ఓపస్. గ్రాఫులు చూసుకోవడానికి బాగుంటుంది, మోడల్ పనికి మాత్రం ఫైళ్లు బయటికి తీసి పైథాన్‌లో చేసుకోవడమే సుఖం. ముందు సవిట్జ్‌కీ-గోలే రెండో డెరివేటివ్ (గ్రాఫును నునుపు చేసి, కలిసిపోయిన శిఖరాలను విడదీసే లెక్క), ఆపై వెక్టర్ నార్మలైజేషన్ (గ్రాఫులన్నిటినీ ఒకే కొలతకు తేవడం). వంద, నూటయాభై మంది డేటాకు పీఎల్ఎస్-డీఏ, ఎస్‌వీఎం అనే తేలికపాటి వర్గీకరణ పద్ధతులు చాలు. డీప్ లెర్నింగ్ అంటే దోమను చంపడానికి ఫిరంగి. ట్రైనింగ్ (మోడల్ నేర్చుకునే డేటా), టెస్ట్ (దాన్ని పరీక్షించే డేటా) విభజన గ్రాఫుల వారీగా చేయొద్దు, మనుషుల వారీగా చేయండి. ఒకరి మూడు చుక్కల్లో రెండు ట్రైనింగ్‌లో, ఒకటి టెస్ట్‌లో పడితే 98 శాతం కచ్చితత్వం వస్తుంది, అదంతా డొల్లే.

ఫలితాన్ని పోల్చాల్సింది ఫిబ్-4 అనే ఫైబ్రోసిస్ స్కోరుతో. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ (రక్తంలో కొలిచే కాలేయ ఎంజైములు), ప్లేట్‌లెట్లు ఉంటే కాలిక్యులేటర్‌తో వచ్చే లెక్క అది: 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. ముఖ్యంగా ఈ రెండిటి మధ్య చిక్కుకునేవాళ్లను మీ మోడల్ విడదీయగలిగితేనే ఈ ఖర్చుకు అర్థం.

రీసెర్చ్ ల్యాబుకు ఐదుకు నాలుగు. డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు ఇప్పుడు కొనొద్దు. కొనేవాళ్లు కొటేషన్‌లో డెసికెంట్ (యంత్రం లోపలి తేమ పీల్చే పదార్థం) మార్పు, ఏడాది సర్వీసు ధర విడిగా రాయించుకోండి.